12 ఏళ్లలోపు ఫుట్‌బాల్ జట్టు: సెలక్షన్స్ నుంచి పన్నెండో వారం దాకా ప్రాజెక్టు డైరీ

సెలక్షన్స్‌కు మూడు వారాల ముందు

32 మంది పిల్లలు పేర్లిచ్చారు. మైదానంలో తొమ్మిది మంది ఆడే ఆట, రెండు సగాలు, ఒక్కో సగం 30 నిమిషాలు. జట్టులో ఎంతమందిని తీసుకోవాలన్నది ముందు తేల్చాల్సిన లెక్క. తొమ్మిది మంది 60 నిమిషాలు ఆడితే మొత్తం 540 నిమిషాలు. 14 మందికి పంచితే మనిషికి 38 నిమిషాల పైచిలుకు, 16 మందికి పంచితే 34కి కాస్త తక్కువ, 18 మందికైతే 30. సగం ఆట కన్నా తక్కువ ఆడే పిల్లలు సీజన్ మధ్యలోనే జారిపోతారు. జబ్బులకూ పరీక్షలకూ ఇద్దరు ముగ్గురు రాలేకపోయినా ఆట ఆగకూడదు. అందుకే 16 ఖాయం చేశాం.

ఎంపికలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు పుట్టినరోజు దగ్గర జరుగుతుంది. ఒకే వయసు విభాగంలో ఇద్దరు పిల్లల మధ్య దాదాపు ఏడాది తేడా ఉండొచ్చు. పదకొండేళ్ల ప్రాయంలో అది జీవితంలో పదకొండో వంతు. పెద్దవాళ్లు పొడుగ్గా, వేగంగా ఉంటారు, బంతిని బలంగా కొడతారు. చూసేవాళ్లకు అదంతా ప్రతిభగా కనిపిస్తుంది. కెనడా ఐస్ హాకీలో ఈ తేడాను 1985లోనే లెక్కలతో చూపించారు. ఆ తర్వాత ఫుట్‌బాల్‌లోనూ అదే బయటపడింది. దీన్ని పూర్తిగా తీసేయలేం. సెలక్షన్స్ ఏర్పాటులోనే తగ్గించొచ్చు.

దానికి వాడే పట్టిక ఇది. పిల్లలందరినీ పుట్టిన తేదీ ప్రకారం పెద్ద నుంచి చిన్నకు రాసుకోవాలి. మొదటి ఎనిమిది మంది ఒకటో వరుస, తర్వాతి ఎనిమిది మంది రెండోది, అలా నాలుగు వరుసలు, ఎనిమిది నిలువు గడులు. ఒక్కో నిలువు గడిలో ఉన్న నలుగురూ ఒక జట్టు. ప్రతి రౌండ్‌కూ ఒకటో వరుస కదలదు. రెండో వరుస ఒక గడి కుడికి, మూడోది రెండు గడులు, నాలుగోది మూడు గడులు జరుగుతాయి. చివరి గడి దాటితే మళ్లీ మొదటికి వస్తాయి. ఇలా నాలుగు రౌండ్లు ఆడితే ఏ ఇద్దరూ రెండుసార్లు ఒకే జట్టులో పడరు. ప్రతి జట్టులోనూ పెద్దవాళ్ల వరుస నుంచి ఒకరు, చిన్నవాళ్ల వరుస నుంచి ఒకరు తప్పక ఉంటారు. ఐదో రౌండ్ మొదలుపెడితే ఒకటో వరుసకు మూడో వరుసతో, రెండో వరుసకు నాలుగో వరుసతో మొదటి రౌండ్ జంటలే తిరిగొస్తాయి. కాబట్టి రోజుకు నాలుగే రౌండ్లు, రెండో రోజుకు గడులు కొత్తగా వేసుకోవాలి.

ఈ కాగితం ముందే రాసుకోకపోతే సెలక్షన్ రోజు పిల్లల్ని విడగొట్టడానికే ఇరవై నిమిషాలు పోతాయి.

సామాన్లు: నాలుగో సైజు బంతులు 18, నాలుగు రంగుల్లో చదును కోన్లు 40, మూడు రంగుల బిబ్బులు (జట్టు తెలిసేలా చొక్కా మీద వేసుకునేవి) రంగుకు 12 చొప్పున, 1 నుంచి 32 దాకా నంబర్ల స్టిక్కర్లు, గాలి ఒత్తిడి చూపించే పంపు, సూదులు ఆరు. సూదిని తడపకుండా గుచ్చితే వాల్వ్ రబ్బరు చిరిగి బంతి వారానికోసారి మెత్తబడుతుంది. గాలి మరీ బిగుతుగా కొడితే బంతి పాదం తగలగానే ఎగిరిపోతుంది, అది ఫస్ట్ టచ్ (బంతి అందుకునేటప్పటి మొదటి తాకు) లోపంలా కనిపిస్తుంది. నియమాల పుస్తకం 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ల దాకా ఒప్పుకుంటుంది. పిల్లలకు కింది అంచు దగ్గరే ఉంచాలి.

సెలక్షన్స్ మొదటి రోజు

30 × 20 మీటర్ల చిన్న మైదానాలు నాలుగు, నాలుగు మీటర్ల ఎడంతో రెండేసి పక్కపక్కన వేశాం. మొత్తం 64 × 44 మీటర్లు, తొమ్మిది మంది ఆడే మైదానంలో సరిగ్గా ఇమిడింది. గోల్‌కీపర్లు లేకుండా నలుగురికి నలుగురు, గోల్‌ వెడల్పు రెండు మీటర్లు. ఆరు నిమిషాల ఆట, రెండు నిమిషాల మార్పు. నాలుగు రౌండ్లకు అరగంట పైన పడుతుంది.

కోన్ల మధ్య డ్రిబ్లింగ్, 20 మీటర్ల పరుగు, బంతిని ఎగరేస్తూ లెక్కపెట్టడం: ఈ మూడూ పెట్టలేదు. కోన్ ఎదురుతిరగదు. పరుగు పరీక్షలో తేలేది ఈ రోజు ఎవరి శరీరం ముందు ఎదిగిందన్నదే. ఎగరేయడం సాధన చేసినవాళ్లకు వస్తుంది, ఆటలో ఎప్పుడు పాస్ ఇవ్వాలో అది చెప్పదు. చిన్న ఆటలో ఇవన్నీ కలిసే కనిపిస్తాయి, పైగా ఒక్కొక్కరికీ బంతి చాలాసార్లు అందుతుంది.

మార్కుల కాగితంలో నాలుగే గళ్లు:
– బంతి రాకముందు భుజం మీదుగా వెనక్కి చూశారా
– మొదటి టచ్ ప్రత్యర్థికి దూరంగా పోయిందా, కాలి కిందే ఆగిపోయిందా
– ఒకరికి ఒకరు ఎదురుపడినప్పుడు ఏం చేశారు, బంతితోనూ బంతి లేకుండానూ
– బంతి పోగొట్టుకున్న తర్వాత మూడు సెకన్లలో ఏం చేశారు

మార్కులు 1 నుంచి 4 దాకా. 5 దాకా పెడితే ఎటూ తేల్చలేనివాళ్లందరికీ 3 పడుతుంది, కాగితం నిండా మూడులే మిగులుతాయి. నాలుగో గడి మీద మాకు అన్నిటికన్నా ఎక్కువ నమ్మకం. బంతి పోయాక చేతులు ఎగరేసి నిలబడతారా, వెంటనే వెనక్కి ఉరుకుతారా అన్నది ఎత్తుతో, బలంతో సంబంధం లేని విషయం.

చూసేవాళ్లు ముగ్గురు. ఒక్కొక్కరు రౌండ్‌కు ఒక మైదానమే చూడాలి. ఆరు నిమిషాల్లో ఎనిమిది మంది, అంటే పిల్లకు 45 సెకన్లు. నంబరు వరుసలో ఒక్కొక్కరినే 45 సెకన్లపాటు చూడాలి, బంతి ఎటు పోతే అటు కళ్లు పోనివ్వకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు. గోల్ కొట్టిన పిల్ల వైపే చూపు పోతుంది, గట్టిగా అరిచే పిల్లవాడి వైపు పోతుంది. రెండో రౌండ్ నుంచి సెకన్ల గడియారం చేతిలో పట్టుకున్నాం.

నాలుగు మైదానాలకు ముగ్గురే కాబట్టి ప్రతి రౌండ్‌లో ఎనిమిది మంది ఎవరి కంటా పడరు. రోజు ముగిశాక ఎవరిని ఎన్నిసార్లు చూశామో లెక్కేస్తే కొందరికి నాలుగు, కొందరికి రెండే వచ్చాయి. రెండు వచ్చినవాళ్ల నంబర్లు రెండో రోజు కాగితం పైన ఎర్రగా రాసిపెట్టుకున్నాం.

కాగితాలు మూసి ఇచ్చేదాకా ముగ్గురూ పిల్లల గురించి మాట్లాడుకోకూడదు. ఒకరు "ఆ 14వ నంబరు బాగున్నాడు" అంటే చాలు, మిగతా ఇద్దరి మార్కులూ అటే ఒరుగుతాయి. సొంత బిడ్డ సెలక్షన్స్‌లో ఉన్నవాళ్లు ఆ బిడ్డ ఆడే మైదానానికి వెళ్లకూడదు. తల్లిదండ్రులకు గీత నుంచి 20 మీటర్ల అవతల చోటు చూపించాం.

రెండో రోజు

కొత్త గడులతో మళ్లీ నాలుగు రౌండ్లు. గెలిస్తే 4, సమమైతే 2, వాటికి తోడు జట్టు వేసిన గోల్స్‌కు ఒక్కో పాయింటు, ఆటకు మూడుకు మించకుండా. ఆ పాయింట్లు నలుగురికీ పడతాయి. జట్లు ప్రతిసారీ మారుతున్నాయి కాబట్టి ఎనిమిది ఆటల తర్వాత ఎవరున్న చోట జట్టు గెలుస్తోందో బయటపడుతుంది. గోల్స్‌కు పరిమితి ఎందుకంటే, ఒక ఆట 9–0 అయితే ఆ ఒక్కదానితోనే లెక్క వంకరపోతుంది.

పాయింట్లూ మార్కులూ పొంతన కుదరని చోటే పని ఉంది. పాయింట్లు ఎక్కువ, మార్కులు తక్కువ వచ్చిన పిల్లల్ని చివరి రెండు రౌండ్లలో మళ్లీ చూశాం. వీళ్లు సాధారణంగా బంతి లేనప్పుడు సరైన చోట నిలబడేవాళ్లు. పాస్ వచ్చే దారి మూసేస్తారు, స్నేహితుడికి ఖాళీ చేసిపెడతారు. మార్కుల కాగితంలో దానికి గడి లేదు.

గోల్‌కీపర్ అవుతామన్నవాళ్లకు విడిగా 15 నిమిషాలు. పట్టుకోవడం కన్నా పాదాలతో ఆడటం, కింద పడటానికి భయపడకపోవడం చూశాం. ఈ వయసులో ఎవరినీ ఒక్క గోల్‌కే కట్టిపడేయకూడదు. ఇద్దరిని ఎంచి సగం సగం పంచాలి. గోల్‌లో లేనప్పుడు వాళ్లు మైదానంలో ఆడాలి.

పేర్లు చెప్పిన రోజు

గోడ మీద జాబితా అంటించలేదు. 32 మందికీ ఇంటికి విడివిడిగా కబురు పంపాం: బాగున్నవి రెండు, పని చేయాల్సింది ఒకటి. "ఇంకా మెరుగవ్వాలి" అన్నది పనికిరాని మాట. "బంతి నీ దగ్గరికి వస్తుండగా ఒకసారి వెనక్కి చూడు" అంటే పిల్ల రేపే చేయగలదు. రానివాళ్లకు వారానికి ఒకరోజు తలుపు తెరిచే ఉంచాం, ఆ రోజు అందరూ కలిసి ఆడతారు. ఎంపిక రెండు రోజుల చూపు మీద వేసిన అంచనా. ఈ తలుపు లేకపోతే అంచనా తప్పయినా దిద్దుకునే దారి ఉండదు.

ఒకటి, రెండు వారాలు: మొదటి టచ్

వారానికి రెండు సెషన్లు, ఒక్కోటి 75 నిమిషాలు. మొదటి 15 నిమిషాలు ఫిఫా 11+ కిడ్స్ వార్మప్. 7 నుంచి 13 ఏళ్ల పిల్లలకు తయారుచేసిన ఏడు వ్యాయామాలివి: ఒంటికాలి నిలకడకు మూడు, నడుము, భుజాల బలానికి మూడు, దెబ్బ తగలకుండా పడటానికి ఒకటి. నాలుగు యూరప్ దేశాల్లో జరిపి 2018లో అచ్చయిన పరిశోధనలో ఇది చేసిన జట్లలో గాయాలు 48 శాతం తగ్గాయి. వారానికి రెండుసార్లైనా చేయాలి, గబగబా లాగిస్తే ఫలితం లేదు. గెంతి దిగినప్పుడు మోకాలు లోపలికి ఒరుగుతుంటే ఆపి దిద్దాలి. వ్యాయామం మొత్తంలో కోచ్ కన్ను ఉండాల్సింది అక్కడే.

బంతి అందుకోవడంలో 16 మందిలో ఎక్కువమందికి ఒకటే తప్పు: బంతిని అరికాలి కింద ఆపేస్తున్నారు, రెండో టచ్‌తో కదులుతున్నారు. ఆ రెండు టచ్‌ల మధ్యలోనే ప్రత్యర్థి వచ్చేస్తాడు. ఒళ్లు సగం తిప్పి నిలబడి, బంతిని దగ్గరి కాలు దాటిపోనిచ్చి, దూరపు కాలి లోపలి అంచుతో ముందుకు తీసుకోవాలి. నలుగురు నాలుగు మూలల్లో నిలబడి బంతిని చుట్టూ తిప్పే డ్రిల్‌తో ఇది రాదు. అక్కడ ఎదురు ఎవరూ లేరు, వెనక్కి చూడాల్సిన అవసరమే పిల్లలకు పుట్టదు.

అందుకని రోండో: బయటివాళ్లు బంతి పోకుండా పాస్‌లు ఇచ్చుకుంటారు, లోపలివాళ్లు దాన్ని లాక్కోవాలి. నలుగురు బయట, ఒకరు లోపల, 8 × 8 మీటర్లు. వారం చివరికి నలుగురు బయట, ఇద్దరు లోపల, 10 × 10. కొలత ఎప్పుడు మార్చాలో తెలియాలి: మూడు పాస్‌లలోపే బంతి పోతుంటే రెండు మీటర్లు పెంచాలి, పది పాస్‌లు దాటుతుంటే రెండు మీటర్లు తగ్గించాలి. "రెండే టచ్‌లు" అన్న నిబంధన మొదట్లోనే పెట్టకూడదు. పెడితే పిల్లలు ఖాళీ వెతకడం మానేసి బంతిని వదిలించుకుంటారు.

మూడో వారం: ఒకరికి ఒకరు

12 × 8 మీటర్ల గడులు నాలుగు, గడికి నలుగురు. ఇద్దరు ఆడతారు, ఇద్దరు చూస్తారు. ఒక్కో పోరు ఎనిమిది సెకన్లకు మించదు, మధ్యలో అరనిమిషం ఊపిరి. విశ్రాంతి లేకుండా పరిగెత్తిస్తే ఐదో పోరుకల్లా కాళ్లు బరువెక్కుతాయి, అక్కడి నుంచి నేర్చుకునేది చెడ్డ అలవాట్లే.

కాపు కాసేవాళ్ల తప్పు: మీదికి దూకడం. నేర్పాల్సింది వరుసగా ఇది. వేగంగా దగ్గరికి వెళ్లాలి, చివరి రెండు మీటర్లలో చిన్న అడుగులతో నెమ్మదించాలి, పక్కకి తిరిగి నిలబడాలి, చేయి చాచినంత దూరం ఉంచాలి. ప్రత్యర్థి టచ్ కాస్త పెద్దదైన క్షణంలోనే కాలు పెట్టాలి. బంతి ఉన్నవాళ్ల తప్పు మరోటి: ట్రిక్ బాగానే వేస్తారు, ఆ తర్వాత అదే వేగంతో పోతారు. ట్రిక్ తర్వాతి రెండు అడుగుల్లో వేగం పెరగకపోతే ప్రత్యర్థి తిరిగి అందుకుంటాడు.

ఇంటి పని: వాటం లేని కాలితో గోడకు పాస్‌లు, రోజుకు 50, మూడు మీటర్ల దూరం నుంచి. కుడికాలి వాటమున్నవాళ్లకు ఎడమ పాదం చీలమండ దగ్గర వదులుగా ఊగిపోతుంటుంది. కాలి బొటనవేలు పైకెత్తి చీలమండ బిగబట్టమంటే బంతి తిన్నగా పోతుంది.

నాలుగు, ఐదు వారాలు: గోల్ కిక్ నుంచి పాస్‌లతో ఆట నిర్మించడం

2019లో మారిన నియమం ప్రకారం గోల్ కిక్‌ను సొంత పెనాల్టీ ఏరియా (గోల్ ముందున్న పెద్ద గడి) లోపలే అందుకోవచ్చు. బంతి కదిలేదాకా ప్రత్యర్థులు బయటే ఉండాలి. మా కూర్పు 3-2-3: ముగ్గురు డిఫెండర్లు, ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు. పక్క డిఫెండర్లిద్దరూ గీతల వైపు విచ్చుకుంటారు, మధ్య డిఫెండర్ కీపర్ పక్కన దగ్గరగా అందుకుంటాడు, ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు ఒకరు ముందు ఒకరు వెనక ఉంటారు. ఇద్దరూ ఒకే గీతలో నిలబడితే ఒక్క ప్రత్యర్థే ఇద్దరినీ కాస్తాడు.

మైదానం సగంలో కీపర్‌తో కలిపి ఆరుగురు ఆట నిర్మిస్తారు, నలుగురు అడ్డుకుంటారు. కుదిరాక అడ్డుకునేవాళ్లు ఐదుగురు, తర్వాత ఆరుగురు. అడ్డుకునేవాళ్లు బంతి గెలిస్తే పెద్ద గోల్‌లోకి కొట్టొచ్చు, నిర్మించేవాళ్లు సగం గీత మీది రెండు చిన్న గోల్స్‌లో వేయాలి.

తప్పు ప్రతిసారీ ఒకే చోట జరుగుతుంది: కీపర్ మధ్యలోకి ఇస్తాడు, మిడ్‌ఫీల్డర్ మొహం సొంత గోల్ వైపు ఉంటుంది, వెనకే ప్రత్యర్థి. ఆ పాస్‌ను నిషేధించలేదు. నిషేధిస్తే ఆ పాస్ ఎప్పటికీ రాదు. దానికి ఒక ఆనవాలు ఇచ్చాం: మిడ్‌ఫీల్డర్ తల తిప్పి వెనక్కి చూడటం కీపర్‌కు కనిపిస్తేనే ఇవ్వాలి. చూడకపోతే పక్కకి, పక్కనా మూసుకుపోతే పొడుగ్గా.

ఈ రెండు వారాల మ్యాచ్‌ల్లో ఇలా గోల్స్ పడతాయని తల్లిదండ్రులకు ముందే చెప్పాలి. చెప్పకపోతే గీత అవతల నుంచి "కొట్టెయ్, కొట్టెయ్" అనే కేకలకు పిల్లలు నేర్చుకున్నది వదిలేస్తారు.

ఆరో వారం

తలతో ఆట. అమెరికా సాకర్ సమాఖ్య 2016 నుంచి పదేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలకు హెడ్డింగ్ నిషేధించింది, 11–13 ఏళ్లవాళ్లకు ప్రాక్టీసులో పరిమితి పెట్టింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం (ఎఫ్‌ఏ) 2020లో చిన్న పిల్లల ప్రాక్టీసు నుంచే దాన్ని తీసేసింది. మా వాడకం: నెలకు ఒక సెషన్, మెత్తటి ఫోమ్ బంతి, తామే ఎగరేసుకుని ఒక్కొక్కరికి ఐదు. నుదుటితో, కళ్లు తెరిచి, నోరు మూసి. మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి అనుమానం వస్తే ఆ రోజుకి ఆట లేదు, వైద్యులు చూశాకే మళ్లీ.

ఏడో వారం: మడమల నొప్పి

ఇద్దరు పిల్లలు ఆట తర్వాత కుంటుతున్నారు. మడమను రెండు పక్కల నుంచి నొక్కితే నొప్పి. ఎముక ఇంకా ఎదుగుతున్న చోట కండరపు స్నాయువు లాగడం వల్ల వచ్చేదిది, సీవర్స్ అంటారు. మోకాలిచిప్ప కింద బొడిపెలా వాచి నొప్పి పుడితే ఆస్‌గుడ్-ష్లాటర్. రెండూ ఎదుగుదల ఊపందుకునే రోజుల్లోనే ఎక్కువ. "ఓర్చుకుని ఆడు" అనడం అన్యాయం. గెంతులూ స్ప్రింట్లూ తగ్గించాలి, గట్టి నేల మీద పొడుగు స్టడ్‌ల బూట్లు మాన్పించాలి, ఫిజియోకు చూపించాలి. ఆ ఇద్దరికీ రోండోలో బయటి స్థానం ఇచ్చాం, జట్టు నుంచి విడదీయలేదు.

మూడు నెలలకోసారి ఎత్తు కొలిచి రాయాలి. రెండు సెంటీమీటర్లు దాటి పెరిగితే ఆ పిల్ల ఆట కొన్నాళ్లు తడబడుతుందని ముందే అనుకోవాలి. కాళ్లు పొడుగయ్యాయి, ఒంటికి కొత్త కొలతలు ఇంకా అలవాటు కాలేదు. నిన్న వచ్చిన టచ్ ఇవాళ రాకపోవడం బద్ధకం కాదు.

తొమ్మిదో వారం

మ్యాచ్‌లో ఆడే సమయం పంచే పద్ధతి కుదిరింది. పది నిమిషాల ముక్కలు ఆరు, ముక్కకు తొమ్మిది చోట్లు, మొత్తం 54. పదిమందికి మూడేసి, ఆరుగురికి నాలుగేసి ముక్కలు. నాలుగు వచ్చినవాళ్ల పేర్లు రాసిపెట్టి తర్వాతి మ్యాచ్‌లో వేరే ఆరుగురికి ఇవ్వాలి. కాగితం లేకుండా మనసులో పంచితే వెనకబడ్డ రోజు బలమైనవాళ్లే మైదానంలో మిగిలిపోతారు. ప్రతి ఒక్కరూ సీజన్‌లో డిఫెన్స్, మిడ్‌ఫీల్డ్, ఫార్వర్డ్ అన్న మూడింటిలో రెండు చోట్లైనా ఆడాలి. ఫార్వర్డ్‌ను డిఫెన్స్‌లో పెడితే వారం రోజులు జట్టు అతుకులు ఊడినట్టుంటుంది, ఆ పిల్లకు మాత్రం డిఫెండర్ ఏం చూస్తాడో తెలుస్తుంది.

సెషన్‌లో కోచ్ ఆట ఆపి మాట్లాడే సమయాన్నీ కొలవడం మొదలుపెట్టాం. ఒక్కో ఆపు 30 సెకన్లు, ఆటకు రెండే ఆపులు. అంతకు మించింది ఒంటరిగా ఒక్క పిల్లతో, ఆట నడుస్తుండగానే.

పన్నెండో వారం: మళ్లీ అదే కొలత

16 మందితో సెలక్షన్స్ ఆటే మళ్లీ పెట్టాం. ఇక్కడో మెలిక ఉంది: నాలుగు వరుసలు, నాలుగు గడులైతే పాత పద్ధతిలో మూడో రౌండ్‌కే జంటలు తిరిగొస్తాయి. రెండు రౌండ్లు ఆడి గడులు కొత్తగా వేసుకోవాలి. చూసేవాళ్లు అదే ముగ్గురు, పాత మార్కులు వాళ్లకు చూపించలేదు.

పక్కపక్కన పెడితే ఎక్కువ కదలిక చిన్నవాళ్ల వరుసలో కనిపించింది. సెలక్షన్స్‌లో చివరి చోట్లు దక్కినవాళ్లు మధ్యకు వచ్చారు. వాళ్లలో ముందుగా మారింది వెనక్కి చూసే గడి, తర్వాత మొదటి టచ్. పెద్ద వరుసలో ఇద్దరు కిందికి జారారు, ఇద్దరిదీ ఎత్తు పుస్తకంలో పెద్ద పెరుగుదల ఉంది. అందుకని వాళ్ల మార్కుల పక్కన ఆ సంగతి రాశాం, ర్యాంకు రాయలేదు. వారానికి ఒకరోజు వచ్చే పిల్లల్లో ఒకరు మొదటి పదిమందితో సమానంగా ఆడుతున్నారు, ఖాళీ అయిన మొదటి చోటు ఆ బిడ్డదే.

వచ్చే సెలక్షన్స్ కాగితంలో మార్పులు మూడు. ఐదో గడి: బంతి లేనప్పుడు నిలబడిన చోటు. చూసేవాళ్లు నలుగురు, అప్పుడు ఏ రౌండ్‌లోనూ ఏ మైదానమూ ఖాళీగా పోదు. మార్కుల పక్కన పుట్టిన నెల, మూడు నెలల్లో పెరిగిన ఎత్తు. చూసేవాళ్లు తమ కాగితాలు ఇచ్చేశాకే ఈ చివరి రెండూ రాయాలి.